చెట్టు తరఫున జవాబు

జనవరి 17, శుక్రవారం

నాకు కోపం లేదు. ముందు ఆ మాట రాసిపెట్టుకుంటున్నాను. కోపం ఉంటే మగ్గానికి కండెలు చుట్టేటప్పుడు నూలు తెగేది. పొద్దున్నుంచి ఒక్క పోగు తెగలేదు.

జాతరకు వచ్చిన చుట్టాలంతా ఇవాళ వెళ్ళిపోయారు. మా ఆడబిడ్డ మంజు నందవరం బస్సు ఎక్కే ముందు పెరట్లోకి వచ్చి, నా పంపరపనస కింద నిలబడి, తలెత్తి చూసి, వాళ్ళమ్మతో అంది: "ఏమ్మా, ఇది ఇంగా కాయలేదా? మా ఊర్లో అయితే కాయని సెట్టు ఇంట్లో పెట్టుకోరు. వంశం నిలబడదంటారు."

మా అత్త కస్తూరమ్మ చెట్టు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

మంజు పిల్లలిద్దరూ కొమ్మ పట్టుకుని ఊగి గంపెడు ఆకులు రాల్చిపోయారు. ఊడ్చింది నేను. నాకు కోపం లేదు.

జనవరి 18

ఉంది.

జనవరి 26, ఆదివారం

ఈ చెట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో అందరూ మర్చిపోయినట్టు నటిస్తున్నారు కాబట్టి రాస్తాను.

నేను ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చిన కొత్త. మా నాన్న ఆదోని నుంచి చూడటానికి వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో పని, చొక్కా మీద ఎప్పుడూ దూదే. సంచిలో ఒక పంపరపనస. రైల్వే స్టేషన్ దగ్గర కన్నడం వాళ్ళు అమ్ముతుంటే కొన్నాడట, వాళ్ళు చక్కోత అంటారు. చంటిపిల్ల తలంత ఉంది. అత్త అంతకు ముందు ఎప్పుడూ తినలేదట. ఇద్దరం ఈ పెరట్లోనే కూర్చుని, ఆ మందపు తొక్క కత్తిపీటతో కోసి, తొనలు వలుచుకుని ఉప్పూకారం అద్దుకుని తిన్నాం. "పుల్లగ సంపుతాదేమో అనుకుంటి గదమ్మీ, భలే ఉండాదే!" అని అత్త పిల్లలా నవ్వింది. గింజలు ఏరి నా అరచేతిలో పోసింది. "పెట్టు. నీ సేతి సలవ ఎట్లుంటాదో సూద్దాం."

పెట్టమన్నది ఆమె. మొలక వచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది కూడా ఆమె.

తొమ్మిదేళ్ళయింది. గింజ వేసి పెంచిన పంపరపనస ఆలస్యంగానే కాస్తుంది. అంటు మొక్కయితే ఈపాటికి కాసేది. ముళ్ళు కూడా గింజ చెట్టుకే ఎక్కువ. ఇవన్నీ అత్తకు చెప్పాను. వింది. కానీ నెలనెలా నేను తలకు పోసుకున్న రోజు ఆమె మొహం చూడాలి. ముందు నన్ను చూస్తుంది, తర్వాత పెరటి వైపు చూస్తుంది. ఏ మాటా అనదు. అంటే బాగుండును, నేనూ ఏదో ఒకటి అందును.

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున పడుగు సాచారు, మగ్గానికి ఎక్కించే నిలువు పోగులన్నీ. గంజి పెట్టి ఆరబెట్టాలంటే పెరడు ఈ కొస నుంచి ఆ కొసదాకా కావాలి. చెట్టు ఒక పక్కగానే ఉంటుంది. గాలి లేచింది. కొమ్మ వంగింది, ముళ్ళకు పోగులు తగులుకున్నాయి, పుటుక్కు పుటుక్కుమని తెగాయి.

మా ఆయన కుమారస్వామి గంజి కుంచె నేలకేసి కొట్టాడు. "నా పాలిట దాపురించింది గదా ఈ ముండ్లసెట్టు! కాయా లేదు, పండూ లేదు. గొడ్డలి యాడుండాది మా?"

"గాలి లేచినప్పుడు పడుగు సాచింది మీరు. చెట్టు లేచి రాలేదు" అన్నాను.

"ఏం మే, నోరు లేస్తాంది?"

లేవదా మరి. అయినా తెగిన పోగులు అతికింది ఎవరు? నేను. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క పోగూ మెలిపెట్టి, మధ్యాహ్నం దాకా ఎండలో గొంతుక్కూర్చుని. ఆయన టీ తాగొచ్చాడు.

అత్త గొడ్డలి ఇవ్వలేదు. జాలితో కాదు. "పచ్చని సెట్టు మీద అడక్కుండా గొడ్డలెయ్యగూడదురా, పాపం. కొత్తమాస రానీ. అడిగి కొట్టేద్దాం."

ఈ ఇంట్లో అదొక పద్ధతి. కొత్తమాస నాడు, అంటే ఉగాది ముందు వచ్చే అమావాస్య నాడు, కాయని చెట్టును అడుగుతారు. ఒకరు గొడ్డలి ఎత్తి పట్టుకోవాలి. ఇంటి పెద్ద మూడుసార్లు అడగాలి, కాస్తావా, కొట్టేయల్లా అని. చెట్టు వెనక ఒకరు నిలబడి దాని తరఫున జవాబు చెప్పాలి. కాస్తాను, కొట్టొద్దు అంటే ఏడాది గడువు. నోరు మెదపకపోతే అక్కడికక్కడే నరికేయడమే. మా మామ బతికున్నప్పుడు మునగచెట్టును ఇలాగే బెదిరించారట, ఆ ఏడాది కాయల బరువుకు కొమ్మలు విరిగాయట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో.

"జవాబు ఎవురు సెప్పల్ల?" అన్నాడు ఆయన.

"నాటిన సెయ్యే సెప్పల్ల" అంది అత్త.

ఫిబ్రవరి 4

గొడ్డలి పట్టేది ఆయన. అడిగేది ఆమె. చెట్టు వెనక నిలబడి కాస్తాను, కాస్తాను, కాస్తాను అని వేడుకునేది నేను. చూసేది వీధి వీధంతా.

ఎవరికి వచ్చిందో ఈ ఆలోచన. వాళ్ళ నాలుక మీద వాతలు పెట్టాలి.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ ఒకటి కనిపెట్టాను. కనిపెట్టినందుకు సంతోషం లేదు, ఒళ్ళు మండిపోతోంది.

ఆకుల అంచులు ఎండి మాడినట్టు ఉంటాయి ఎప్పుడూ. ఎండకేమో అనుకునేదాన్ని. ఇవాళ పాదు తవ్వుతుంటే మట్టి మీద తెల్లగా పొరలాగా కట్టి ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? నూలుకు రంగు వేసే నీళ్ళలో నుంచి. రంగు పట్టాలని కాగులో ఉప్పు వేస్తారు, సోడా వేస్తారు, నూలు చిలపలు తీసేశాక ఆ నీళ్ళు పారబోస్తారు. వీధి కాలువ దాకా మోయడానికి మా ఆయనకు నడుము వంగదు. పెరట్లో వాలు చెట్టు వైపే ఉంది. తొమ్మిదేళ్ళుగా కాగులు కాగులు దాని మొదట్లోనే. నేను కూడా చూస్తూనే ఉన్నాను. తడి తగులుతోంది కదా, మంచిదేలే అనుకున్నాను. ఈ వీధిలో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళూ అలాగే అనుకుంటారు. మా అందరి పెరళ్ళలో తుమ్మ తప్ప ఏదీ ఎందుకు బతకదో ఇప్పుడు అర్థమైంది.

మగ్గం దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నేత ఆపలేదు, నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

"ఇన్నేండ్లు పోసినా గదా. సచ్చిందా?"

"చావలేదు. కాయనూ లేదు."

"ఊరికే సెట్టు సెట్టు అని సంపొద్దు మే. పోయి కండెలు సుట్టు."

కండెలు చుట్టాను. తర్వాత గునపం తీసుకుని పెరట్లో కాలువ తవ్వడం మొదలుపెట్టాను, రంగు నీళ్ళు గోడ పక్కనుంచి వీధిలోకి పోయేట్టు. పక్కింటి ఎల్లమ్మ గోడ మీదుగా చూసి, "ఏం రజినీ, నిధి దొరికిందా?" అంది. దొరికింది అన్నాను.

ఫిబ్రవరి 13

చేతులు బొబ్బలు. కాలువ సగమే అయింది. ఎవరూ సాయం రాలేదు. నేను అడగలేదు కూడా. అడగను.

ఫిబ్రవరి 20, గురువారం

ఎల్లమ్మ వచ్చి కూర్చుంది. కూర్చుంటే లేవదు. ఆదోనిలో ఇంకో కొత్త డాక్టరమ్మ వచ్చిందట, ఎవరికో పదేళ్ళ తర్వాత కడుపు పండిందట. "మొగుడూ పెండ్లాం ఇద్దరూ సూపిచ్చుకోవల్లంట వదినా" అంది అత్తతో.

అత్త ఠక్కున అంది: "మా కుమారకు సూపిచ్చినాం గదా ఎప్పుడో. వానికేం లేదు, అంతా బాగుండాదని సెప్పినారు. ఏముంటే దీనికే ఉండల్ల."

రాట్నం మీద పోగు తెగింది.

ఆయనకు చూపించామంటున్న ఆ రోజు ఏం జరిగిందో రాస్తాను. ఎక్కడా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడైనా ఉండాలి. నాలుగేళ్ళ కిందట ఇద్దరం ఆదోని బస్సెక్కి వెళ్ళాం. అది నాకు మూడోసారి. అంతకు ముందు రెండుసార్లు మా అమ్మతో వెళ్ళాను. నన్ను పడుకోబెట్టి చూశారు, రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. ఏ లోపమూ లేదమ్మా, మీ ఆయన్ని పంపు అంది డాక్టరమ్మ. ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. పేరు పిలిచారు. "టీ తాగొస్తా" అని లేచాడు. మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం దాటింది, ఆసుపత్రి ఆయా గచ్చు కడుగుతూ నా కాళ్ళు ఎత్తుకోమంది. ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చాను. నేను వచ్చేసరికి ఆయన ఇంట్లో భోంచేస్తున్నాడు. వాళ్ళమ్మ వడ్డిస్తోంది, మొహం వెలిగిపోతోంది. "అంతా బాగుండాదని సెప్పినారంట, వానికేం లేదంట!" అంది నాతో.

ఆయన నా కళ్ళలోకి చూశాడు. అడుక్కునేవాడు కూడా అలా చూడడు. నేను నోరు మూసుకున్నాను. గదిలోకి వచ్చాక, "కొంచెం ఆగు రజినీ, నేనే సెప్తా అమ్మకు. పరీక్షకూ పోతా. ఒట్టు" అన్నాడు.

ఆగాను. బాగా ఆగాను. నా అంత బాగా ఆగినది పెరట్లో ఆ చెట్టు ఒక్కటే.

మార్చి 2, ఆదివారం

ఆయన్ని అడిగాను. అన్నం తింటుంటే నెమ్మదిగా, గొడవ లేకుండా. "కొత్తమాసకు ముందు ఒకసారి ఆదోని పోయొద్దాం రాండి. నేను తోడు వస్తాను. అత్తకు బట్టలకని చెబుదాం."

"మగోనికి పరీక్షలేందే?"

"నాకు మూడుసార్లు లేదా?"

"నువ్వు ఆడదానివి."

చెంబెడు నీళ్ళు ఆయన కంచంలో పోసేశాను. చెయ్యి జారింది. చెయ్యి జారిందనే అత్తకు చెప్పాను.

మార్చి 14

కాలువ పూర్తయింది. రోజూ బోరింగు నుంచి మంచి నీళ్ళు మోసుకొచ్చి పాదు నిండా పోస్తున్నాను, ఉప్పు లోపలికి దిగిపోవాలని. ఆయన కాగు తెచ్చి అలవాటుగా చెట్టు మొదట్లో వంపబోతే ఎదురు వెళ్ళి నిలబడ్డాను. కాలువలో పోశాడు. మూతి ముడుచుకుని పోశాడు, పోనీ.

కొమ్మ చివర రెండు మూడు లేత ఆకులు. అంచులు మాడలేదు.

మార్చి 23, ఆదివారం

అత్త నాకు పాఠం చెప్పింది.

"'కాస్తానమ్మా, కొట్టొద్దు' అని సెప్పల్ల. మూడుసార్లు. గొంతు గట్టిగ రావల్ల, వీధిలోకి ఇనబడల్ల. దించిన తల ఎత్తగూడదు."

"తల ఎందుకు దించాలి? చెట్టు తల దించుకుని ఉందా?"

"పద్ధతి మే. నన్నేమి అడగొద్దు."

"నేను చెప్తే చెట్టును వదిలేస్తారు కదా? మాట మార్చరు కదా?"

"ఏడాది ముట్టుకోం. నా మీద ఒట్టు."

సరే. మూడు మాటలు. నా నోరేం అరిగిపోదు. చెట్టు బతుకుతుంది. వచ్చే ఏడాదికి ఉప్పంతా దిగిపోతుంది, కాస్తే కాస్తుంది. నాకేం అభిమానం లేదు. వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. చెట్టు కోసమే కదా.

మార్చి 28

చెప్తాను. చెప్తాను. చెప్తాను.

మార్చి 29, శనివారం

చెప్పలేదు.

వరసగా రాస్తాను. పొద్దున తలకు పోసుకుని, చెట్టు మొదట్లో పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. గొడ్డలి నిన్ననే సాన పట్టించింది అత్త. దానికీ బొట్టు పెట్టింది. వీధిలో ఆడవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. మంజు నందవరం నుంచి పనిగట్టుకుని వచ్చింది, వీడియో తీయడానికి ఫోనుతో సహా. కుమారస్వామి లుంగీ ఎగ్గట్టి గొడ్డలి భుజానికెత్తాడు. చూపు మాత్రం నా మీద పడకుండా చూసుకున్నాడు. నేను చెట్టు వెనక నిలబడి మొద్దు మీద చెయ్యి వేశాను. తల దించాను కూడా.

"ఏమే సెట్టా, తొమ్మిదేండ్లు తిని తాగి నిలబడినావు. కాస్తావా, కొట్టేయల్లా?" అంది అత్త.

"కాస్తానమ్మా, కొట్టొద్దు."

నేనే అన్నాను.

"ఇంగోతూరి అడుగుతాండా. కాస్తావా, కొట్టేయల్లా?"

"కాస్తానమ్మా, కొట్టొద్దు."

గోడ మీద నుంచి ఎల్లమ్మ కిసుక్కున నవ్వింది. "సెట్టుకు సెప్తాంది అనుకుంటుండారా? ఆ యమ్మ తనకు తానే సెప్పుకుంటాంది." అందరూ నవ్వారు. మంజు ఫోను ఇంకా దగ్గరికి పెట్టింది. అదీ ఓర్చుకున్నాను, దేవుడి తోడు, ఓర్చుకున్నాను.

అప్పుడు అతను నవ్వాడు. చిన్నగా, పెదవి కొసన. గొడ్డలి పట్టుకుని, నా మీద వేసిన జోకుకు, వీధి వాళ్ళతో కలిసి నవ్వాడు.

"కడాతూరి అడుగుతాండా" అంది అత్త. "కాస్తావా, కొట్టేయల్లా?"

తల ఎత్తాను. చెట్టు వెనక నుంచి ముందుకు వచ్చాను.

"దీని మొదట్లో ఉప్పునీళ్ళు పోసిందెవరో అడుగు అత్తా. దీని తప్పేం లేదు. నన్ను మూడుసార్లు పరీక్ష చేశారు, నా తప్పూ లేదు. ఆదోని ఆసుపత్రిలో పేరు పిలిస్తే టీ తాగొస్తానని పారిపోయిందెవరో అడుగు. నీ కొడుకు ఏ పరీక్షా చేయించుకోలేదు. ఒక్కటి కూడా. గొడ్డలి పట్టుకున్నాడే, ఆయన్ని అడుగు, కాస్తావా అని!"

వీధిలోకి వినబడాలన్నారు కదా. వినబడింది.

అతని మొహం నల్లగా మాడిపోయింది. "లంజా!" అని గొడ్డలి ఎత్తాడు. నా మీదికే అనుకున్నాను, కళ్ళు మూసుకోలేదు. చెట్టు మీద వేశాడు. ఒకే దెబ్బ, నా భుజం ఎత్తులో. తెల్లగా చీలింది, పచ్చి వాసన గుప్పుమంది. రెండో దెబ్బకు ఎత్తేసరికి అత్త వెళ్ళి గొడ్డలి కామ పట్టుకుంది. అరవై దాటిన మనిషి, రెండు చేతులతో వేలాడినట్టు పట్టుకుంది.

"జవాబు వచ్చినాదిరా. ఇడువు."

"మా, అది అబద్ధం..."

"ఇడువు."

వదిలేశాడు. ఎటో వెళ్ళిపోయాడు. అత్త గొడ్డలిని చెట్టు మొదట్లో ఆనించింది. మంజు ఫోను కొంగులో దాచుకుంది.

మార్చి 30

ఉగాది. పచ్చడి నేను చేయలేదు, అత్త చేయలేదు. దెబ్బ తగిలిన చోట పసుపూ పేడా మెత్తి, మగ్గం మీద మిగిలిన పడుగు కొసలతో గట్టిగా చుట్టి కట్టాను. ఎర్ర నూలు. బాగుంది చూడటానికి.

అతను మగ్గం దగ్గరే పడుకుని ఉన్నాడు. నేను పలకరించలేదు. భయం వేసింది, నిజమే, సాయంత్రం దాకా వేసింది. తర్వాత ఆకలేసింది.

ఏప్రిల్ 1, మంగళవారం

బియ్యం ఏరుతుంటే అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పొద్దు ఆసుపత్రిలో ఏం జరిగిందో సెప్పు. అంతా సెప్పు."

చెప్పాను. టీ, బెంచీ, ఆయా, బస్సు, భోజనం, అన్నీ. ఆమె నేను ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ కూర్చుంది.

"నాలుగేండ్లు ఈ మాట నోట్లో పెట్టుకోని కూసున్యావు గదే. ఏం మింగినావు?"

"మీ కొడుకు పరువు."

చేట కింద పెట్టేసి లేచిపోయింది. తప్పయిందని అనలేదు. అంటుందేమోనని ఒక్క నిమిషం ఎదురుచూశాను. నాకు సిగ్గులేదు.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున్నే అత్త తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మగ్గం ముందు నిలబడింది.

"అంగీ ఏసుకో. ఆదోనికి పోదాం."

"మగ్గం మీద చీరుండాది మా."

"మగ్గం యాడికీ పోదు."

"నేను రాను. నలుగురూ నవ్వుతారు."

"మొన్న అది ఒక్కతే నిలబడినప్పుడు నవ్వితివి గదా, నేను సూల్లేదనుకుంటివా?" అంది అత్త. గొంతు పెంచలేదు. "టీ కావాలంటే పలాస్కులో పోసుకోనొస్తా. బెంచీ మీంచి లేచేది లేదు. పా."

అతను చొక్కా వేసుకున్నాడు. నా ముందు నుంచే తల దించుకుని నడిచాడు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అన్నా వెళ్ళేదాన్ని కాను, నా పరీక్షలు అయిపోయాయి. గడప దాటాక అత్త వెనక్కి తిరిగింది.

"సెట్టుకు నీళ్ళు పోయి మే. బోరింగువి పోయి."

అంతే. తొమ్మిదేళ్ళకు ఈ ముక్క. ఈ ముక్కతో నా కోపం పోతుందని ఆమె అనుకుంటే పొరపాటు. పోలేదు. వీధంతా వింటే తప్ప ఆమె చెవికి ఎక్కలేదు, అది మర్చిపోను. కానీ నీళ్ళు పోశాను. కట్టు విప్పి చూశాను, గాయం అంచులు ఆరుతున్నాయి. ఇది బతుకుతుంది. కాస్తుందో లేదో నాకు తెలియదు. అడగదలుచుకోలేదు.

గొడ్డలి ఆ రోజు అత్త ఆనించినచోటే ఉంది, చెట్టు మొదట్లో, బొట్టుతో సహా. పద్ధతి ప్రకారం పూత వచ్చేదాకా దాన్ని అక్కడి నుంచి తీయకూడదట. చెట్టు చూసి భయపడుతూ ఉండాలట.

తీశాను. ఇంట్లోకి తెచ్చి, మగ్గం గుంట అంచున, అతను కాళ్ళు దించే చోట, నిలువుగా ఆనించాను. బొట్టు కొంచెం చెరిగితే మళ్ళీ దిద్దాను. సాయంత్రం ఆదోని నుంచి వచ్చి మగ్గంలోకి దిగాలంటే దాన్ని చేత్తో పక్కకు జరపక తప్పదు.

నేను అక్కడే కూర్చుని కండెలు చుడుతుంటాను. ఈసారి జవాబు అతనే చెప్పుకోవాలి.